అరకులోయ కాఫీతోటలు

ఉదయమున కాఫీ కాచని యిల్లు నేడు తెలుగునాట అరుదు. పాలు రాక తడసినచో ఇల్లంతయు చిన్నబోవును. పొడి అయిపోయినచో చెప్పనక్కరయే లేదు. మనపై ఇంతటి పెత్తనము నెరపు ఆ గింజ ఏ కొండపై కాసినదో, ఎవరి చేతులమీదుగా మన డబ్బాలోనికి చేరినదో విచారించువారు మాత్రము కొలదిమంది. ఫ్రాన్సు దేశమునకు పోవు యాత్రికులు బోర్దో ప్రాంతపు ద్రాక్షతోటలను, ద్రాక్షాసవము నిలువచేయు నేలమాళిగలను పనిగట్టుకొని చూచి వత్తురు. మన కాఫీ పుట్టినింటిని మనమేల చూడరాదని తలచి, మేము ఒక మార్గశిరమాసమున అరకులోయకు ప్రయాణమైతిమి.

విశాఖపట్టణమునుండి అరకు సుమారు 115 కిలోమీటర్ల దూరము. కిరండూల్ పోవు రైలు శృంగవరపుకోట దాటిన పిమ్మట కొండలెక్కసాగును. సొరంగము వెనుక సొరంగము. చీకటి విడిన ప్రతిసారియు క్రింద క్రొత్త లోయ. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్నది. అనంతగిరి మీదుగా మోటారుదారియు కలదు. ఆ దారిని పోవువారికి కాఫీతోటలు బాటప్రక్కనే కనబడును.

కాఫీతోట మామిడితోటవలె నుండునని యెంచరాదు. దూరమునుండి చూచిన అది అడవియే. పైన సిల్వరు ఓకు చెట్లు, వాని మ్రానుల నల్లుకొన్న మిరియపు తీగెలు, ఆ నీడలో నిలువెత్తు కాఫీమొక్కలు. వేసవి తొలిజల్లు పడిన కొలదిదినములకు మల్లెలవంటి తెల్లని పూవులు విచ్చి, మూడు నాలుగు దినములలోనే వాడిపోవును. పిందె పండగుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. కార్తీకమునుండి మాఘమువరకు కోతకాలము.

ఈ మన్యమున కాఫీని మొదట 1898లో పాములేరు లోయలో నాటిరని చెప్పుదురు. తరువాత పోడు వ్యవసాయమును తగ్గించుటకై గిరిజన కుటుంబములచే తోటలు వేయించిరి. ఇక్కడ పెద్ద భూస్వాముల తోటలకంటె ఎకరమో రెండెకరములో గల చిన్న తోటలే మెండు. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ వీరివద్ద కాఫీ కొనుచున్నది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది.

మేము చూచిన తోటలో కోతపని యంతయు స్త్రీలదే. ఒకే కొమ్మపై ఎర్రని పండును, దోరకాయయు, పచ్చికాయయు కలిసియుండును. కావున కొమ్మను దూయరాదు. పండినదానినే వ్రేళ్లతో త్రుంపవలెను. మిగిలినవాటికై అదే చెట్టుకడకు మూడు నాలుగు మారులు మరల రావలెను. “అన్నియు ఒక్కసారే దూసివేసిన పని తీరును గదా అమ్మా” యని ఒక పెద్దామె నడిగితిమి. ఆమె నవ్వి, “పచ్చికాయ కలిస్తే తూకమొస్తాది గాని రుచి రాదమ్మా” అనినది. ఆవకాయకు కాయ నేరుటలో మన పెద్దలు చూపు పట్టుదలయే ఆమె మాటలో మాకు వినవచ్చినది.

కోసిన పండ్లను ఆనాడే మరలో వేసి పైతొక్క ఒలుతురు. గింజను పట్టియున్న జిగురు వదలుటకు ఒక రాత్రి పులియనిచ్చి, పలుమారులు కడిగి, ఎండబెట్టుదురు. రాత్రి మంచు తగులకుండ కప్పవలెను. తెల్లవారి మరల పరచి తిరుగత్రిప్పవలెను. తేమ ఆరక మూటకట్టినచో బూజుపట్టి శ్రమయంతయు వ్యర్థమగును. సుమారు ఆరు కిలోల పండ్లనుండి శుభ్రమైన గింజ ఒక్క కిలోయే వచ్చును. వేచునపుడు అందులోను ఇంచుమించు ఆరవవంతు తరుగును. కాఫీపొడి వెల హెచ్చని విసుగుకొనువేళ ఈ లెక్క జ్ఞప్తికి తెచ్చుకొనదగినది.

ఈ శ్రమపై ఇటీవల ఒక గండము వచ్చిపడినది. బెర్రీ బోరర్ అనబడు కాయతొలుచు పురుగు నువ్వుగింజకంటె చిన్నది. అది పండు మొనవద్ద తొలిచి, గింజలోపల గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు గింజను లోలోపలనే తినివేయును. మనదేశమున 1990లో నీలగిరి ప్రాంతమున మొదట కనబడిన ఈ పురుగు, 2025లో అరకు తోటలలో బయటపడినది. పురుగు సోకిన పండ్లను కోసి నాశనము చేయవలసివచ్చినది. ఏడాది పొడుగున కాచుకొన్న పంటను తన చేతులతోనే పారవేయు గృహిణి దుఃఖము మనము ఊహింపవచ్చును. ఈ పురుగు తనంతట బహుదూరము ఎగురలేదు. పండ్లతోను, గింజలతోను, గోనెసంచులతోను ఒక తోటనుండి మరియొక తోటకు ప్రయాణము చేయును.

అందుచేత అరకు చూడబోవు సోదరీమణులకు మా మనవి యిది. యజమాని అనుమతి లేక తోటలో అడుగిడకుడు. ముచ్చటగా నున్నవని పిల్లలు పండ్లు కోసి జేబులలో వేసికొన నీయకుడు. పచ్చిగింజలను ఊరికి తేకుడు. చలికి శాలువలు మరువకుడు. కొనదలచినచో వేచిన గింజనో పొడినో కొనుడు. పొట్లముపై వ్రాతను చదువుడు. చికోరి యను వేరును వేచి కాఫీలో కలుపుట కలదు. అది తప్పు కాదు గాని, ఎంత కలిపిరో పొట్లముపై తెలుపవలెననియు, కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదనియు చట్టము చెప్పుచున్నది. పొడి త్వరలో పరిమళము కోల్పోవును గనుక, పది పదునైదు దినములకు సరిపడునంతయే తెచ్చుకొనుట మేలు.

పచ్చికాయ కలిపినచో తూకము పెరుగునని ఎరిగియు కలుపక విడుచు ఆ స్త్రీల నిజాయితీ, దానికి తగిన వెల దొరకినంతకాలమే నిలుచును. ఆ వెల కొంతవరకు మన చేతిలో నున్నది. చవకయని చూడక, గింజ మంచిచెడ్డలు ఎరిగి కొను గృహిణులు పెరిగినకొలది, మూడవమారు నాలుగవమారు అదే చెట్టుకడకు నడచివచ్చు ఆ కాళ్లకు ఫలము దక్కును.