కంచె వెలుపలినుండి రాకెట్టు ఇంజను పరీక్షలు

విద్యార్థులారా, కుమ్మరివాని యొద్ద కుండ కొనబోయిన గృహిణి దానిని వ్రేలితో మీటి చూచుట మీరెరుగుదురు. ఖంగున మ్రోగినచో కొనును. బొంగురుగా పలికినచో ఎచ్చటనో బీట యున్నదని గ్రహించి ప్రక్కన పెట్టును. మట్టి యెట్టిదో, ఆవములో అది యెంత కాలినదో ఆమె చూచియుండలేదు. చెవియే ఆమెకు ప్రమాణము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాస్ రాష్ట్రమున, వేకో నగరమునకు చేరువగా మెక్‌గ్రెగర్ అను చిన్న పట్టణము గలదు. జనాభా సుమారు అయిదువేలు. ఆ పట్టణపు పొలిమేరలో ఇట్టి విద్యనే పెద్దయెత్తున అభ్యసించుచున్న జనులు కొందరున్నారు. వారు ఆలకించునది కుండ కాదు. ఇనుప చట్రమునకు బిగింపబడి మండుచున్న రాకెట్టు ఇంజను. దానిని మండించువారు స్పేస్‌ఎక్స్ అను ప్రైవేటు సంస్థవారు. ఈ జనులు కంచెకు వెలుపల బాటప్రక్కను నిలిచి చూచువారును వినువారును మాత్రమే. జీతము లేదు, ఆహ్వానము లేదు, లోనికి ప్రవేశము లేదు. అయినను వారికి తెలియవచ్చు సంగతులు తక్కువవి కావు.

ఇంజనును నేలకు కట్టి ఏల మండింపవలెనని మీరడుగవచ్చును. ఎగురుటకు చేసిన వస్తువును ఎగురనీయకుండ బంధించుట విపరీతముగానే తోచును. కాని ఆ ఇంజను లోపల జరుగు పని యెట్టిదో కొంచెము తెలిసినచో సందేహము తీరును.

ఆ సంస్థవారి ఫాల్కన్ 9 అను రాకెట్టు క్రింది అంతస్తున మెర్లిన్ అను ఇంజనులు 9 ఉండును. ఒక్కొక్కటి సెకనుకు సుమారు 300 కిలోల కిరసనాయిలును ద్రవరూప ప్రాణవాయువును కలిపి మ్రింగును. అనగా నూరేసి కిలోల బియ్యపు బస్తాలు మూడింటి బరువు, ఒక్క సెకనులో, దాని గొంతు దిగిపోవును. లోపలి దహనశాలలో పీడనము మన చుట్టునున్న గాలి పీడనమునకు దాదాపు నూరురెట్లు. అంతటి ఒత్తిడికి ఎదురుగా ద్రవములను లోనికి నెట్టుటకు గిరగిర తిరుగు పంపు కావలెను. ఆ పంపును త్రిప్పుటకు మరియొక చిన్న మంట కావలెను. ద్రవ ప్రాణవాయువు −183 డిగ్రీలకే మరగిపోవును గనుక అంతకంటె చల్లగా నుంచవలెను. ఆ చలికి మూరెడు దూరముననే ఉక్కును కరగించు వేడి. దహనశాల గోడలు కరగిపోకుండుటకై మండబోవు కిరసనాయిలునే ముందుగా ఆ గోడలలోని సన్నని కాలువలగుండ పారించుదురు. కాలువలో చిన్న నలుసు అడ్డుపడినను, పంపు రెక్కకు వెంట్రుకవాసి పగులున్నను, క్షణములో సర్వమును భస్మమగును.

ఇట్టి యంత్రమును కాగితముపై లెక్కకట్టి నమ్ముటకు వీలులేదు. కాలిఫోర్నియాలోని హాథార్న్‌లో తయారైన ప్రతి మెర్లిన్ ఇంజనును మెక్‌గ్రెగర్‌కు తెచ్చి మండించి చూచెదరు. పిమ్మట తొమ్మిదింటిని బిగించిన అంతస్తును నిలువున నిలిపి మరల మండించెదరు. అందులకు గోతివంటి కాలువపై కట్టిన పెద్ద వేదిక గలదు. మంట ఆ కాలువలోనికి దిగి ప్రక్కకు మరలును. దాని వేడిని, మ్రోతను అణచుటకై ధారాపాతముగా నీటిని విడుతురు. దూరమునుండి చూచువారికి కనబడు తెల్లని మహామేఘము పొగ కాదు. చాలవరకు నీటి ఆవిరియే.

ఆ ప్రదేశమునకు మ్రోతలు క్రొత్తవి కావు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో అచ్చట బ్లూబానెట్ అను పేర బాంబుల కర్మాగారము వెలసెను. యుద్ధానంతరము ఘన ఇంధన రాకెట్టు మోటారులు చేయబడెను. పిమ్మట బీల్ ఏరోస్పేస్ అను ప్రైవేటు సంస్థ వచ్చి, కాంక్రీటుతో ఎత్తయిన ముక్కాలి కట్టడము నొకదానిని నిర్మించి, తలపెట్టిన రాకెట్టు ఎగురకముందే 2000లో మూతపడెను. 2003లో స్పేస్‌ఎక్స్ వారు పట్టణమువారినుండి ఆ నేలను కౌలునకు తీసికొనిరి. ఆ ముక్కాలి కట్టడముమీదనే 2008 నవంబరు 22న ఫాల్కన్ 9 యొక్క తొమ్మిది ఇంజనులును కలిసి తొలిసారిగా పూర్తికాలము, అనగా 178 సెకనులు, మండెను. పని మానుకొన్నవాని కట్టడము తరువాతి వచ్చినవానికి అక్కరకు వచ్చుట వ్యాపారలోకమున తరచు జరుగునదే.

ఇక కంచె వెలుపలి వారి సంగతి. వారిలో ఛాయాగ్రాహకులు కలరు. ఊరివారు, దూరప్రాంతములనుండి కార్లలో వచ్చు కుర్రవారు కలరు. ఇటీవలి సంవత్సరములలో నాసాస్పేస్‌ఫ్లైట్ అను స్వతంత్ర వార్తాసంస్థ (పేరట్లున్నను అది నాసా అను ప్రభుత్వసంస్థకు చెందినది కాదు) దూరమునుండి కెమెరాలను గురిపెట్టి రేయింబవళ్లు దృశ్యమును ప్రసారము చేయుటతో, ఎన్నడును టెక్సాస్ త్రొక్కనివారు సైతము ఈ గోష్ఠిలో చేరినారు. వీరందరును చేయు పని ఒక్కటే: ఎప్పుడు, ఏ వేదికపై, ఎంతసేపు, ఎట్టి మంట వచ్చెనో చూచి వ్రాసికొనుట.

మంటకు ముందే వారికి సూచనలు కనబడును. వేదికచెంత తెల్లని ఆవిరి తెరలు తెరలుగా క్రిందికి జారినచో, మిక్కిలి చల్లని ద్రవము గొట్టములలో పారుచున్నదని గుర్తు. ఆ తెలుపు ప్రాణవాయువు కాదు, ఆ చలికి గాలిలోని తేమయే మంచుపొగగా మారినది. ఎత్తయిన గొట్టము కొసను చిన్న మంట వెలుగుచున్నచో, వాడగా మిగిలిన మీథేను వాయువును తగులబెట్టుచున్నారని గుర్తు. మీథేనుతో నడచునది రాప్టర్ అను పెద్ద ఇంజను. దాని తొలి పరీక్ష 2016 సెప్టెంబరులో అచ్చటనే జరిగెను. స్టార్‌షిప్ అను మహారాకెట్టు క్రింది అంతస్తున ఇట్టివి 33 ఉండును.

మంట రంగును చదువుటలోనే వారి నేర్పంతయు నున్నది. కిరసనాయిలు మంటలో మసి రేణువులు కణకణలాడుచుండుటచే అది బంగారువన్నెతో కన్నులు మిరుమిట్లు గొలుపును. మీథేను మంట నీలమును ఊదాయును కలిసి, అవతలి వస్తువు కనబడునంత పలుచగా నుండును. అందులో వరుసగా కూర్చిన వజ్రములవలె కాంతి ముద్దలు కనబడును. ఇంజను నోటినుండి వెడలు వాయువు ధ్వనికంటె మిక్కిలి వేగముగా పోవును. దాని పీడనము బయటిగాలి పీడనముతో సరిపడనందున అది మార్గమున ముడుచుకొనుచు, విప్పారుచు పోవును. ముడుచుకొన్న చోటనెల్ల వేడి హెచ్చి కాంతి హెచ్చును. అవియే ఆ వజ్రములు. అవి చెదరక నిలకడగా నున్నచో ఇంజను నిలకడగా మండుచున్నదని చూపరులు తలంతురు.

పచ్చరంగు సంగతి వినుడు. మెర్లిన్ ఇంజను అంటుకొను క్షణమున పచ్చని మెరుపు మెరయును. గాలి తగిలినంతనే తమంతట తామే మండు అల్యూమినియము, బోరాను రసాయనములతో దానిని వెలిగింతురు. బోరాను మంట పచ్చన. కనుక ఆ పచ్చదనము శుభసూచకమే. రాప్టర్‌ను వెలిగించునది నిప్పురవ్వ. దాని మంట నడుమ పచ్చని చార కనబడినచో అర్థము వేరు: దహనశాల లోపలి రాగిగోడ కరగి మంటలో కలియుచున్నదన్నమాట. ఇంధనముతోపాటు ఇంజను తన్ను తానే తినుచున్నది! రంగు ఒక్కటే, ఒకచోట ఆరంభము, ఒకచోట అంత్యము. ఈ భేదమెరుగని క్రొత్తవాడు పచ్చదనమును చూచినంతనే చప్పట్లు కొట్టును. ప్రక్కనున్న పాతకాపు మాత్రము మౌనముగా గడియారమును చూచుకొనును.

ఆ గడియారమే వారి రెండవ ఆయుధము. మంట వెలుగు తత్‌క్షణమే కంటికి చేరును. శబ్దము మాత్రము సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున నడచి రావలెను. వేదికకు 5 కిలోమీటర్ల దూరమున నిలిచినవానికి వెలుగు కనబడిన సుమారు 15 సెకనులకు గాని మ్రోత వినరాదు. అంతవరకు ఆ మహాజ్వాల మూగగా మండుచుండును. మంట ఆరిన పిమ్మటను 15 సెకనులు మ్రోత వచ్చుచునే యుండును. మొదటిసారి చూచువారికి ఇది వింతగా నుండును. పొగమంచు క్రమ్మి మంటయే కనబడనప్పుడు మ్రోత నిడివియే మంట నిడివి. వేర్వేరు చోట్ల నిలిచిన ఇద్దరు మిత్రులు తమ గడియారములను సరిచేసికొని, మ్రోత మొదలైన సమయమును సరిపోల్చుకొన్నచో, ఉన్న పెక్కు వేదికలలో మండినదేదియో కూడ చెప్పగలరు. మీరు తరగతిలో నేర్చు జ్యామితికి ఇంతకంటె మంచి వినియోగమేమున్నది?

నిడివినుండి ఉద్దేశమును ఊహింతురు. కొలది సెకనులలో ఆరినచో వెలిగించి చూచుట మాత్రమే కావచ్చును. అనుకొన్నదానికి ముందే ఆగినచో యంత్రమే ప్రమాదమును పసిగట్టి ఆర్పుకొని యుండవచ్చును. "కావచ్చును", "ఉండవచ్చును" అను మాటలను గమనింపుడు. వీరిలో ఉత్తములు తాము చూచినదానిని ఒకచోటను, ఊహించినదానిని వేరొకచోటను వ్రాసికొందురు. రెండును కలిపివేయువారును లేకపోలేదు. ఒక చిన్న పొగను చూచి పెద్ద కథ అల్లుదురు. నా మట్టుకు, సంస్థవారి ప్రకటనకంటెను, ఊహాగానముకంటెను, "ఇన్ని గంటలకు మంట, ఇన్ని సెకనులు, వజ్రములు స్పష్టము" అను పొడి వాక్యమే విలువగలదిగా తోచును.

ఇదంతయు కాలక్షేపమే కదా యని పెద్దలనవచ్చును. కాని యోచింపుడు. 2020 మే 30 మొదలుకొని ఈ ఇంజనులపై మనుష్యులు కూర్చుండి అంతరిక్షమునకు పోవుచున్నారు. 2015 జూన్ 28న, మనుష్యులు లేని ఒక ఫాల్కన్ 9 బయలుదేరిన 139 సెకనులకు ఆకాశముననే చెదరిపోయెను. లోపలనున్న ఒక ఊతకమ్మి, తాను మోయవలసిన బరువులో అయిదవవంతుకే విరిగెనని సంస్థవారు తెలిపిరి. అటుపిమ్మట అట్టి కమ్ములను ఒక్కొక్కటిగా పరీక్షింప నిశ్చయించిరి. 2017 నవంబరులో మెక్‌గ్రెగర్‌లోనే ఒక మెర్లిన్ పరీక్షావేదికపై ప్రేలెను. ఎవరికిని గాయము తగులలేదు. నేలపై ప్రేలిన దానికి నష్టము ధనము. పైన ప్రేలిన దానికి నష్టము ప్రాణము. ప్రైవేటు సంస్థ తన పరీక్షాఫలితములన్నిటిని లోకమునకు చాటుటకు బద్ధురాలు కాదు. కనుక బయటివారు ఓపికతో కూర్చిన పట్టికలే ప్రజలకు మిగులు లెక్క.

ఊరివారి పక్షమును కూడ చెప్పవలెను. మ్రోతకు కిటికీలు అదరును, నిద్రించు పసివాండ్రు ఉలికిపడుదురు. చల్లని వేకువవేళ నేలచెంత గాలి చల్లగను, పైగాలి వెచ్చగను ఉన్నచో శబ్దము పైకి పోక నేలవైపునకే వంగి, మామూలుకంటె చాల దూరము పోవును. ఇండ్లు బీటలు వారుచున్నవని మొరపెట్టుకొన్నవారును కలరు. 2014లో ఒక రాకెట్టును అచ్చటనే కొంత ఎత్తునకు లేపి దింపినప్పుడు తీసిన చిత్రమున, బెదరి పరుగెత్తు ఆవులు కనబడును. ఉద్యోగములు వచ్చుటయు నిజమే, ఆవులు బెదరుటయు నిజమే.

మన దేశమున ఇట్టి పరీక్షలు ముఖ్యముగా తమిళనాడులోని మహేంద్రగిరియందు ఇస్రోవారు జరుపుదురు. మనుష్యులను మోయుటకు ఉద్దేశించిన గగనయానము కొరకు వికాస్ ఇంజనును 2021 జూలై 14న అచ్చట 240 సెకనులు మండించిరి. హైదరాబాదునందలి స్కైరూట్ అను ప్రైవేటు సంస్థవారు తమ ధవన్ అను శీతల ఇంజనును 2021లో నాగపురమున పరీక్షించిరి. మరుసటి సంవత్సరము నవంబరు 18న వారి విక్రమ్-ఎస్ రాకెట్టు శ్రీహరికోటనుండి ఎగసెను.

మీ యూరిచెంత రాతిక్వారీ యున్నను, జాతరలో అవుట్లు పేల్చినను, కంచె లోనికి పోకుండ, పెద్దల తోడుతో దూరముననే నిలిచి వెలుగునకును మ్రోతకును నడుమ సెకనులు లెక్కింపుడు. 340తో గుణించినచో దూరము మీటర్లలో వచ్చును. కాని ఆ 340 అనునది చల్లని దినమునకు తగినది. 35 డిగ్రీల ఎండలో శబ్దము సెకనుకు సుమారు 352 మీటర్లు పోవును గనుక, వేసవిలో లెక్కించువారు ఆ అంకెనే గ్రహింపవలెను.