పెట్టెలో పెట్టె, అందులో తప్పు – కంప్యూటరు ఎలా వెతకాలి?

ఈసారి గోడ పత్రికలో నేను కంప్యూటరు గురించి రాస్తున్నాను. కంప్యూటరు అనగానే పేజీ వదిలేసి బొమ్మల దగ్గరికి వెళ్లిపోకండి. ఇది మనందరి ఇళ్లకూ పనికొచ్చే విషయమే.

ముందు మా నాన్న సంగతి చెప్తాను.

మాది రంపచోడవరం ఏజెన్సీలో ఒక చిన్న ఊరు. మేం కొండరెడ్లం. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కినదాన్ని నేనే మొదటిదాన్ని. పోయిన ఏడాది నా చదువుకు సాయం డబ్బుల కోసం ఒక ఆఫీసులో మా కుటుంబం వివరాలు కంప్యూటరులో ఎక్కించాల్సి వచ్చింది. నాన్న పోడు పని మానుకుని జీపెక్కి వెళ్లాడు. అక్కడి అబ్బాయి అన్నీ కొట్టి బటన్ నొక్కితే ఎర్ర అక్షరాల్లో ఇలా వచ్చిందంట: "సభ్యులు 2 – ఆధార్ నంబరు సరికాదు."

మా ఫారంలో వరస ఇదీ: నాన్న, అమ్మ, నేను, తమ్ముడు. రెండో మనిషి అమ్మ కదా! అమ్మ నంబరు మళ్లీ కొట్టారు. మళ్లీ అదే ఎరుపు. మూడోసారి కొట్టారు. అదే ఎరుపు. "కార్డు, మనిషి రెండూ రావాలి" అన్నారు.

రెండోరోజు అమ్మను కూడా తీసుకెళ్లాడు. మళ్లీ అంతే. చివరికి పక్కన కూర్చున్న ఒకాయన చూసి, "ఇది మీ ఆవిడది కాదు, మీ అమ్మాయిది" అన్నాడంట. నా కార్డు నా దగ్గర, హాస్టల్లో ఉంది. మూడోరోజు నా కార్డు పట్టుకెళ్లాడు. నంబరు సరిచేశారు. వెంటనే ఇంకో ఎరుపు: నా బ్యాంకు కోడు తప్పు. పాసుపుస్తకం ఇంట్లో ఉంది. నాలుగోరోజుకి గానీ పని కాలేదు.

నాలుగు రోజుల పని పోయింది, జీపు డబ్బులు పోయాయి. అంతకంటే నాకు బాధ కలిగింది నాన్న మాటకి. "మనకి అక్షరం రాదు కదమ్మా, మన వివరాల్లోనే ఏదో తప్పుంటది" అన్నాడు. అప్పుడు నాకు సమాధానం తెలీదు. తర్వాత మన కంప్యూటరు సార్‌ని అడిగాను. సార్ చెప్పింది విన్నాక తెలిసింది. కొట్టేటప్పుడు పొరపాట్లు రెండు జరిగాయి, నిజమే. కానీ నాలుగుసార్లు తిప్పింది ఆ పొరపాట్లు కాదు. వాటిని వెతికిన తీరు.

ఇక అసలు విషయానికి వస్తాను.

మన కుటుంబం ఫారం కాగితం మీద ఒకే పేజీలా కనిపిస్తుంది గానీ, కంప్యూటరు లోపల పెట్టెలో పెట్టెలా ఉంటుంది. కుటుంబం ఒక పెద్ద పెట్టె. అందులో ఒక్కో మనిషికి ఒక చిన్న పెట్టె. మనిషి పెట్టెలో పేరు, పుట్టిన తేదీ, ఆధార్, ఇంకా బ్యాంకు ఖాతా అనే మరో పెట్టె. ఆ ఖాతా పెట్టెలో నంబరు, బ్యాంకు కోడు. వీటిని సరిచూసే పనిని వాలిడేషన్ అంటారు.

ఒక్కో అంకెను సరిచూడటం కంప్యూటరుకి కష్టం కాదు. ఆధార్ సంగతే చూడండి. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలో తెంభ్లీ అనే గిరిజన గ్రామంలో మొదటి ఆధార్ ఇచ్చారు. అందులో 12 అంకెలు ఉంటాయి. చివరి అంకె ఊరికే వేసింది కాదు, ముందున్న 11 అంకెల నుంచి లెక్క కట్టి వేసింది. ఆ లెక్కను 1969లో వెర్‌హోఫ్ అనే డచ్ గణిత పండితుడు చెప్పాడు. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు రెండు అటూ ఇటూ అయినా ఆ లెక్క పట్టేస్తుంది. నా నంబరులో జరిగింది ఇదే, 47కి బదులు 74 పడింది. బ్యాంకు కోడు 11 అక్షరాలు. ముందు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా, తర్వాత ఆరు. నాది కొట్టినప్పుడు సున్నా బదులు ఇంగ్లీషు 'ఓ' కొట్టారు. చూడటానికి రెండూ గుండ్రమే కదా!

మరి కష్టం ఎక్కడంటే, లోపల్లోపలికి వెళ్లి వెతికేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఆ గుర్తులనే కంప్యూటరు వాళ్లు స్టేట్ అంటారు. మనం స్థితి అనుకోవచ్చు. సార్ నాలుగు గుర్తులు చెప్పారు.

మొదటిది: నేను ఎక్కడ ఉన్నాను?

మనం ధవళేశ్వరం విహారయాత్రకు వెళ్లాం కదా. కాటన్ దొర అక్కడ 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడు ఆ చోట బ్యారేజీ ఉంది. దాని నుంచి తూర్పు డెల్టాకి, మధ్య డెల్టాకి, పశ్చిమ డెల్టాకి నీళ్లు వెళ్తాయి. పెద్ద కాలువ, దాన్నుంచి చిన్న కాలువ, పిల్లకాలువ, ఆఖరికి పంట బోదె. శివారు రైతు వచ్చి "నీళ్లు రాలేదు" అని ఊరుకుంటే లస్కరు ఎక్కడని వెతుకుతాడు? ఏ కాలువ, ఏ పిల్లకాలువ, ఏ బోదె అని పైనుంచి కిందికి దారి చెప్పాలి. కంప్యూటరు కూడా అలాగే దారి రాసుకోవాలి: కుటుంబం / సభ్యులు / 2 / బ్యాంకు ఖాతా / కోడు. ఇలా గీతలు పెట్టి దారి రాసే పద్ధతికి 2013లో ఒక నియమం కూడా రాశారు. దాని పేరు జేసన్ పాయింటర్.

పెట్టెలోకి దిగేటప్పుడు దారి చివర ఒక పేరు కలపాలి. బయటికి వచ్చేటప్పుడు ఆ పేరు చెరిపేయాలి. చెరపడం మరిచిపోతే ఒకరి తప్పు ఇంకొకరి మీద పడుతుంది.

మరి 2 అంటే నేనెలా అయ్యాను? జేసన్ పాయింటరులో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మొదటి మనిషి నుంచి ఎంత దూరంలో ఉన్నారు అని లెక్క. నాన్న 0, అమ్మ 1, నేను 2, తమ్ముడు 3. కంప్యూటరు తన లెక్కలో తప్పు చెప్పలేదు. కానీ ఆ లెక్క మా నాన్నకి ఎలా తెలుస్తుంది? "మూడో సభ్యురాలు" అని రాసి, పక్కన నా పేరు కూడా పెట్టి ఉంటే ఒక రోజు మిగిలేది.

రెండోది: ఇప్పటిదాకా ఏమేం తప్పులు దొరికాయి?

ఆ ఆఫీసులో కంప్యూటరు ఒక తప్పు దొరకగానే ఆగిపోయింది. నా ఆధార్ దగ్గరే ఆగింది కాబట్టి దాని తర్వాత ఉన్న బ్యాంకు కోడు దాకా వెళ్లనే లేదు. అలా కాకుండా తప్పును ఒక జాబితాలో దారితో సహా రాసుకుని ముందుకు వెళ్లాలి. చివరికి వెళ్లాక జాబితా మొత్తం ఒకేసారి ఇవ్వాలి. అలా చేసి ఉంటే నాన్న నా కార్డు, పాసుపుస్తకం రెండూ ఒకే రోజు పట్టుకెళ్లేవాడు.

మూడోది: పైనుంచి, పక్కనుంచి ఏం తెలిసింది?

కొన్ని తప్పులు ఒక్క పెట్టెలో చూస్తే కనబడవు. నా పుట్టిన తేదీ ఒక్కటే చూస్తే బాగానే ఉంటుంది. అమ్మ పుట్టిన తేదీ పక్కన పెట్టి చూస్తేనే, కూతురు తల్లి కంటే పెద్దదిగా పడిందేమో తెలుస్తుంది. ఒకే ఆధార్ ఇద్దరికి పడిందా అని చూడాలన్నా ముందు చూసిన నంబర్లు గుర్తుండాలి. అందుకే లోపలికి దిగేటప్పుడు పై సంగతులు కొన్ని మూట కట్టుకుని దిగాలి.

నాలుగోది: దీన్ని ముందే చూశానా?

నా పెట్టెలో "సంరక్షకుడు: నాన్న" అని ఉంటుంది. నాన్న పెట్టెలో "పిల్లలు: నేను, తమ్ముడు" అని ఉంటుంది. కంప్యూటరు నా దగ్గర్నుంచి నాన్న దగ్గరికి, అక్కణ్ణుంచి మళ్లీ నా దగ్గరికి వస్తుంది. గుర్తు లేకపోతే ఇలా తిరుగుతూనే ఉంటుంది, అడవిలో దారి తప్పినవాడు తిరిగిన చెట్టు చుట్టే తిరిగినట్టు. అందుకని ప్రతి పెట్టెకీ మూడింటిలో ఒక గుర్తు పెడతారు: ఇంకా ముట్టుకోలేదు, చూస్తున్నాను, చూడటం అయిపోయింది. "చూస్తున్నాను" అని గుర్తున్న పెట్టె మళ్లీ ఎదురైతే లోపలికి దిగకుండా వెనక్కి రావాలి.

ఇదంతా నిజమా కాదా అని మేం ముగ్గురం ఒక ఆదివారం మేడం గారి అనుమతితో ట్రంకు పెట్టెల మీద చేసి చూశాం. పెట్టెలో పళ్లెం, గ్లాసు, సబ్బు ఉండాలి. పెట్టెలోని సంచిలో జామెట్రీ బాక్సు ఉండాలి. బాక్సులో కోణమానిని ఉండాలి. ఒకరు పెట్టెలు తెరిచి చూడాలి, ఒకరు పలక మీద దారి రాయాలి, ఒకరు తప్పుల జాబితా రాయాలి. మొదటిసారి పలక పట్టుకున్నది నేనే. ఏడో పెట్టె అయ్యాక పలక చెరపలేదు. ఎనిమిదో పెట్టెలో సబ్బు లేకపోతే అది ఏడో పెట్టె పేరున ఎక్కింది. ఆ పెట్టె గల అమ్మాయి తన సబ్బు చేత్తో పట్టుకుని వచ్చి "ఇదేంటి మరి?" అని నా మీద కోప్పడింది. న్యాయమే కదా! ఆ ఆఫీసు ముందు మా అమ్మ కూడా అలాగే నిలబడింది, సరైన కార్డు చేత్తో పట్టుకుని.

రెండోసారి జాగ్రత్తగా చెరుపుతూ, కలుపుతూ చేశాం. పన్నెండు పెట్టెలకు ఒకటే కాగితం వచ్చింది. ఎవరి పెట్టెలో, ఏ సంచిలో, ఏం లేదో అన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరూ రెండుసార్లు మెట్లు దిగి ఎక్కలేదు.

ఇంకో మాట. లోపలి పెట్టెలన్నీ సరిగా ఉంటేనే బయటి పెట్టె సరి. ఒక్క చిన్న తప్పున్నా కుటుంబం ఫారం మొత్తం ఆగుతుంది. అది నియమమే, దాన్ని నేను తప్పుపట్టను. డబ్బు వేరేవాళ్ల ఖాతాలో పడకూడదు కదా. కానీ ఆపినవాళ్లు ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో, ఇంకా ఏమేం ఉన్నాయో చెప్పాలి.

నేస్తాలారా, మనలో చాలామందిమి ఇంట్లో మొదట చదువుకున్నవాళ్లం. సెలవులకి వెళ్తే ఊళ్లోవాళ్లు ఫారాలు పట్టుకుని మన దగ్గరికే వస్తారు. రేపు మనలో ఎవరో ఒకరు అలాంటి ఆఫీసులో బటన్ నొక్కే చోట కూర్చోవచ్చు, ఆ ప్రోగ్రాము రాసే చోట కూడా కూర్చోవచ్చు. అప్పుడు "తప్పుంది, పో" అనకండి. దారి చెప్పండి, అన్నీ ఒకేసారి చెప్పండి, మనుషుల లెక్కలో చెప్పండి.

మేడం గారికి ఒక చిన్న మనవి. పెట్టెల తనిఖీ ఇక మీదట మా కాగితం పద్ధతిలో చేయమని కోరుతున్నాం. రాయడానికి మేం ముగ్గురం సిద్ధం.

సంక్రాంతి సెలవుల్లో ఇదంతా నాన్నకి చెప్పాను. బొగ్గుతో అరుగు మీద నాలుగు పెట్టెలు గీసి 0, 1, 2, 3 వేసి చూపించాను. నాన్న చాలాసేపు చూసి, "అయితే మన వివరాలు బాగానే ఉన్నాయన్నమాట" అన్నాడు.

తప్పులుంటే మన్నించండి. ఎక్కడున్నాయో మాత్రం వరస నంబరుతో సహా చెప్పండి!

– తొమ్మిదో తరగతి విద్యార్థిని