ఆశ కోల్పోవుటకు ఆంగ్లమున ఎన్ని మాటలు!



ఒక భాషలోని మాటకు మఱియొక భాషలో మాట దొరికినంతమాత్రమున అర్థము దొరికినట్లు కాదు. ఈ సంగతిని నేను నిఘంటువువలన గాక, నా పొరబాటువలన నేర్చుకొంటిని.

కొన్నియేండ్ల క్రిందట మా పొరుగింటి అత్తయ్యగారు ఒక జాబు తెచ్చి నా చేతికిచ్చిరి. ఆమె కుమారుడు దూరపు పట్టణమున వసతిగృహమునందుండి చదువుకొనుచుండెను. జాబు ఆ వసతిగృహాధికారి ఆంగ్లమున వ్రాసినది. "అమ్మాయీ, పంతులుగారు వచ్చునప్పటికి ప్రొద్దుగ్రుంకును. నీవే చదివి చెప్పవమ్మా" అని ఆమె కోరగా, నాకు వచ్చిన కొలది ఇంగ్లీషుతో చదివితిని. పరీక్ష తప్పినది మొదలు కుఱ్ఱవాడు 'డెస్పరేట్' అయి యున్నాడని అందుండెను. "అబ్బాయి నిరాశలో నున్నాడట" అని చెప్పితిని. ఆమె నిట్టూర్చి, "పరీక్ష పోయినవానికి నిరాశ గాక మఱేమి! పండుగకు వచ్చును గదా, అప్పుడు బుజ్జగించెదను" అని వెడలిపోయిరి.

రాత్రి భోజనమువేళ ఈ మాట చెప్పగానే మావారు కంచము ముందునుండి లేచిరి. "డెస్పరేట్ అను మాటకు నిరాశ యని చెప్పితివా? నిరాశపడినవాడు కూర్చుండిపోవును. వీడు లేచి నిలుచున్నవాడు. ఏమి చేయునో వానికే తెలియదు" అనిరి. ఆ రాత్రి బండికే అత్తయ్యగారి తమ్ముని వెంటబెట్టుకొని బయలుదేరిరి. వారు చేరునప్పటికి కుఱ్ఱవాడు పుస్తకములను, చేతిగడియారమును అమ్మివైచి, ఎవరికిని చెప్పక ఎక్కడికో పోవుటకై సంచి సర్దుకొని యుండెను. మెల్లగా నచ్చజెప్పి ఇంటికి తెచ్చిరి. మఱుసటి యేడు అతడు అదే పరీక్ష గెలిచెను. నన్ను ఎవ్వరును ఒక్క మాట అనలేదు. అయినను నాటినుండి ఈ కోవకు చెందిన మాటలను ఒక్కొక్కటిగా మావారినడిగి, నిఘంటువులు వెదకి తెలిసికొంటిని. వానినే మీకు మనవి చేయుచున్నాను.

అన్నిటికంటె తేలికయైనది 'డిస్కరేజ్‌మెంట్'. 'కరేజ్' అను మాటకు మూలము లాటిను భాషలో హృదయమను అర్థముగల 'కోర్'. గుండె దిగజారుటయే డిస్కరేజ్‌మెంట్, మన అధైర్యము. ఇందు ఆశ పోలేదు, పూనిక మాత్రము తగ్గినది. రెండుసారులు లెక్క తప్పిన పిల్లకు కలుగునది ఇదియే. ఒక్క మంచిమాటతో తీరును.

'డిజెక్షన్' అనగా ధాతువునుబట్టి క్రిందికి పడద్రోయబడుట. మనస్సు క్రుంగి, మొగము వాడి, తల వాలి యుండు స్థితి. ఇది నేటి దుఃఖమును తెలుపును గాని రేపటినిగూర్చి తీర్పు చెప్పదు.

'డెస్పాండెన్సీ' కథ స్త్రీలమైన మనము వినదగినది. లాటిను భాషలో 'స్పోందేరే' అనగా వాగ్దానము చేయుట. జీవితభాగస్వామికి చెల్లు 'స్పౌస్' అను మాటయు దీనినుండియే పుట్టినది. 'డెస్పోందేరే' అనగా కన్యను ఇచ్చెదమని మాట యిచ్చుట. అట్లు ఇచ్చివేసినది ఇక తమది కాదు గనుక, ధైర్యమును వదలుకొనుట యను అర్థము కూడ దానికి కలిగినది. తన మనోబలమును తానే ధారపోసి వట్టిచేతులతో కూర్చుండినవారి స్థితి డెస్పాండెన్సీ. ఇది ఒక్కనాటి క్రుంగుబాటు కాదు; దినములతరబడి పనియందు చేయి ఆడనీయదు.

'డెస్పెయిర్' వీనినన్నిటిని మించినది. 'స్పేరారే' అనగా ఆశించుట. దానినుండి తొలగుట డెస్పెయిర్. వెనుకటి మాటలలో మనస్సు బలహీనమైనది మాత్రమే. ఇందు మనస్సు 'ఇక లేదు' అని నిశ్చయించుకొన్నది.

'డెస్పరేషన్' ఆ ధాతువునకే పుట్టినను గుణము వేఱు. పోగొట్టుకొనుటకు ఇక నేమియు లేదని తెగించుట ఇది. మన 'తెగింపు' దీనికి దగ్గఱి మాట. ఇంగ్లీషువారు మాటవరుసకు కాఫీకై డెస్పరేట్‌గా నున్నామనియు అందురు. అప్పుడు మిక్కిలి ఆత్రమని మాత్రమే అర్థము. కావున ఎవరు, ఏ సందర్భమున అనిరో చూడవలెను.

'హోప్‌లెస్' అను మాటతో మన బాలికలు జాగ్రత్తగా నుండవలెను. 'ఐ ఫీల్ హోప్‌లెస్' అన్నచో నాకు ఆశ తోచకున్నదని అర్థము. 'ఐ యామ్ హోప్‌లెస్' అన్నచో నేను దేనికిని కొఱగానిదాననని కూడ ధ్వనించును. మొదటిది బాధను చెప్పుకొనుట, రెండవది తన్ను తాను నిందించుకొనుట.

ఈ తారతమ్యమును ఇంగ్లీషు గ్రంథకర్త జాన్ బన్యన్ 1678లో వెలువడిన తన 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' అను కథలో కన్నులకు కట్టించెను. అందు యాత్రికుడు మొదట 'డెస్పాండ్' అను రొంపిలో దిగబడును. 'హెల్ప్', అనగా సహాయము, అను పేరుగలవాడు వచ్చి చేయి యిచ్చి లాగును. చాల దూరము నడచిన పిదప అతడు 'డెస్పెయిర్' అను రాక్షసుని కోటలో చిక్కును. ఆ రాక్షసుడు కొట్టి, ప్రాణములు తీసికొమ్మని ఉపదేశించును. అచ్చట చేయి యిచ్చువాడు బయటినుండి రాడు. తన యెదలోనే యున్న 'ప్రామిస్', అనగా వాగ్దానము, అను తాళపుచెవిని యాత్రికుడు జ్ఞప్తికి తెచ్చుకొని తలుపులు తెఱచుకొనును. ఒకటి రొంపి, ఒకటి చెఱసాల. రెండును ఒకటియే యనుకొన్నచో కథయే లేదు.

ఇక 'నిరాశ' అను మాట నన్నేల మోసగించినది? మనకు ఆ మాటయందు మఱియొక ఛాయ కూడ కలదు. భాగవతము ఏకాదశ స్కంధమునందలి పింగళ ధనికుడైన విటునికై రాత్రి చాలవఱకు వాకిట కాచి, విసిగి, ఆ ఆశను విడిచిన పిదప సుఖముగా నిద్రించినది. అవధూత ఆమెను తన గురువులలో నొకతెగా నెంచెను. ఆశ యనగా మనకు కోరికయు నగును. దానిని విడుచుట శాంతికి త్రోవ యగును. క్రైస్తవ సంప్రదాయమున ఆశ యనగా దైవముపై నమ్మకము. విశ్వాసమును, ప్రేమను చేర్చి మూడు సద్గుణములలో నొకటి. అందుచే అచ్చట డెస్పెయిర్‌ను పాపముగా నెంచిరి. మన నిరాశలో పింగళ నిద్రింపగలదు. వారి డెస్పెయిర్‌లో ఎవరును నిద్రింపలేరు.

సోదరీమణులారా! ఇది పండితులకు మాత్రమే చెందిన చర్చ యని తలపకుడు. మాట తెలిసినగాని మందు తెలియదు. అధైర్యపడినదానికి ప్రోత్సాహము చాలును. క్రుంగినదానికి చెంత కూర్చుండువారు కావలెను. డెస్పాండెన్సీలో దిగబడినదానికి చేయి యిచ్చి లాగువారును, రోజులు గడచినను తేఱనిచో వైద్యులును కావలెను. డెస్పెయిర్‌లో నున్నవారిని ఒంటరిగా విడువరాదు. డెస్పరేట్ అను మాట నిజముగా వినబడినప్పుడు పండుగవఱకు ఆగరాదు. ఆ రాత్రి బండికే బయలుదేరవలెను.

అత్తయ్యగారి కుమారుడు ఇప్పుడు ఉద్యోగమున నున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు మా యింటికి వచ్చి పలుకరించి పోవుచుండును. ఆ జాబు మాత్రము నా పెట్టెలోనే యున్నది. ఏ ఆంగ్లపదమునకైనను తొందరపడి తెలుగు చెప్పబోవునప్పుడు, ఒక్కసారి దానిని తలచుకొందును.