ప్రాగ్‌ వెళ్తే ఎల్బీనగర్ గుర్తొచ్చింది

జర్మనీలో ఎమ్మెస్ చేసే మనవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. సెమిస్టర్ మధ్యలో రెండు రోజులు ఖాళీ దొరికితే చాలు, పక్క దేశానికి రైలు టికెట్ ఎంతుందో ఫోన్లో వెతుకుతారు. మళ్లీ వీసా తీసుకునే పని లేదు. శుక్రవారం రాత్రి బ్యాగు సర్దుకుంటే సోమవారం పొద్దున్నే క్లాసులో కూర్చోవచ్చు.

నేను చదివింది డ్రెస్డెన్‌లో. అక్కణ్నుంచి చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌కి రైల్లో దాదాపు రెండుంపావు గంటలు. మనం సికింద్రాబాద్ నుంచి వరంగల్ వెళ్లినట్టే. 2022 అక్టోబరులో ఒక శనివారం నేనూ నా రూమ్మేటూ బయల్దేరాం. నాది హైదరాబాద్‌లో కొత్తపేట. వాడిది విజయవాడ. ఇద్దరం ఒకే ఏడాది ఎంసెట్ రాసినవాళ్లం. 2014లో. విభజన గొడవల్లో కౌన్సెలింగ్ ఆగస్టు దాకా సాగిన బ్యాచ్ మాది.

ఈ విషయం ఎందుకు చెప్తున్నానంటే, మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉండేది. మొదటి సెమిస్టర్లో ఒకరోజు వంట చేస్తూ ఏదో సినిమా గురించి మొదలైన మాట రాష్ట్రం దాకా వెళ్లింది. రెండు రోజులు మాటల్లేవు. ఒకే కుక్కర్లో అన్నం, ఎవరి ప్లేటు వాళ్లది. మూడో రోజు వాడే వచ్చి "రేయ్, ఇంకెప్పుడూ ఆ టాపిక్ వద్దురా" అన్నాడు. సరేనన్నాను. ఏడాది పాటు ఆ మాట దాటలేదు.

నది పేరు మారింది

రైలు ఎల్బే నది ఒడ్డునే వెళ్తుంది. ఎడమవైపు నది, దాని అవతల ఇసుకరాతి కొండలు. కుడివైపు కొండ మీద కోనిగ్‌స్టైన్ కోట. దేశం మారినట్టు తెలిసింది ఫోనుకి వచ్చిన మెసేజ్‌తోనే. బోర్డర్ దాటాక అదే నదిని లాబే అంటారు. నీళ్లు అవే, పేరు వేరు.

గేటు లేదు కదా అని కాగితాలు ఇంట్లో వదిలేసి వెళ్లకండి. పాస్‌పోర్టూ, జర్మనీ రెసిడెన్స్ కార్డూ రెండూ దగ్గరుండాలి. తిరిగి వచ్చేటప్పుడు రైల్లోకి పోలీసులు ఎక్కి అడుగుతుంటారు. ఇంకో విషయం, అక్కడ యూరో కాదు, కొరునా. అప్పట్లో ఒక యూరోకి దాదాపు 24 కొరునాలు. 24 గంటల సిటీ టికెట్ అప్పుడు 120 కొరునాలు ఉండేది. అది కొనగానే సరిపోదు, మొదటిసారి ఎక్కేటప్పుడు మెషీన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే.

బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి 861 యూరోలు వచ్చే రోజులవి. అందులోనే రూమ్ అద్దె, ఇన్సూరెన్స్, తిండి. అందుకే రాత్రే పులిహోర కలిపి రెండు డబ్బాలకెత్తాం. చింతపండు పులుపు యూరప్‌లో రెండు రోజులు ఆగుతుందని మా అమ్మ గ్యారంటీ ఇచ్చింది.

అంకెల వంతెన

ప్రాగ్‌లో ముందు అందరూ వెళ్లేది చార్లెస్ బ్రిడ్జికి. 516 మీటర్ల పొడవు, 16 కమానులు, రెండు వైపులా 30 విగ్రహాలు. నాలుగో చార్లెస్ చక్రవర్తి దీనికి 1357లో జులై 9న పొద్దున 5:31కి శంకుస్థాపన చేశాడని చెప్తారు. ఏడాది, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా రాస్తే 135797531. ఎటునుంచి చదివినా ఒకటే. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమని కథ. ప్రోగ్రామింగ్ ఇంటర్వ్యూల్లో పాలిండ్రోమ్ కోడ్ రాసి రాసి విసిగిపోయిన మా ఇద్దరికీ తెగ నచ్చేసింది. ముహూర్తం పిచ్చి మనకొక్కళ్లకే లేదన్నమాట.

పాత ఊరి మధ్యలో 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. ఇప్పటికీ తిరుగుతున్న అలాంటి గడియారాల్లో ఇదే పాతదంటారు. గంట కొట్టగానే పక్కనున్న అస్థిపంజరం బొమ్మ గంట తాడు లాగుతుంది, పైన కిటికీల్లో పన్నెండు మంది అపొస్తలులు ఒక్కొక్కరే కనిపించి వెళ్తారు. జనం ఆ బొమ్మల్ని వీడియో తీసుకుని వెళ్లిపోతారు. అసలు సంగతి ముల్లులో ఉంది. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఏ కళలో ఉన్నాడో ఆ గడియారం చూపిస్తుంది. బయటి వలయంలో పాత చెక్ కాలమానం ఉంటుంది. వాళ్లకప్పుడు రోజు సూర్యాస్తమయంతో మొదలయ్యేది. మన పంచాంగంలో సూర్యోదయంతో మొదలైనట్టు. గోడకి తగిలించిన పంచాంగమే అది.

సాయంత్రం కోట మీదికి ఎక్కాం. ఆవరణలోకి టికెట్ లేదు. లోపలున్న సెయింట్ వైటస్ చర్చిని 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారట. "585 ఏళ్లు. మన ప్రాజెక్టు మేనేజర్ కి చెప్పాలి రా ఇది" అన్నాడు మావాడు.

హాస్టల్ వంటింట్లో

రాత్రి హాస్టల్లో పులిహోర వేడి చేసుకుంటుంటే ఎదురుగా ఒకబ్బాయి కూర్చున్నాడు. స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో చదువుతున్నాడట. పులిహోర పెడితే రెండోసారి అడిగి మరీ తిన్నాడు. మాటల్లో "మీ ఇద్దరిదీ ఒకే రాష్ట్రమా?" అన్నాడు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "ఎనిమిదేళ్ల క్రితం దాకా" అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. "మాదీ, ఈ ఊరిదీ ఒకే దేశం. 1992 డిసెంబరు 31 రాత్రి దాకా."

తర్వాత అతను చెప్పింది ఇదీ. విడిపోవాలా వద్దా అని జనాన్ని ఓటు అడగలేదు. చెక్ వైపు నుంచి క్లౌస్, స్లొవాక్ వైపు నుంచి మెచియార్ కూర్చుని తేల్చేశారు. ఆస్తుల్ని రెండుకి ఒకటి చొప్పున పంచుకున్నారు. ఉమ్మడి దేశపు గుర్తుల్ని ఎవరూ వాడకూడదని చట్టం చేసుకున్నా, జెండాని మాత్రం చెక్ వాళ్లు ఉంచేసుకున్నారు. "ఇప్పటికీ నేనిక్కడ స్లొవాక్‌లో మాట్లాడతాను, వాళ్లు చెక్‌లో జవాబిస్తారు. ఇద్దరికీ అర్థమవుతుంది" అన్నాడు.

మా లెక్క 58.32కి 41.68 అని చెప్పాను. పాయింటు తర్వాత రెండంకెల దాకా వెళ్లారా అని ఆశ్చర్యపోయాడు.

అంతా నవ్వుతూనే సాగింది. చివర్లో మావాడు తెలుగులో నాతో ఒక మాటన్నాడు. "చూశావా, వీళ్లు గొడవ లేకుండా విడిపోయారు. మనవాళ్లే..."

"మనవాళ్లంటే ఎవరు?" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాడు ఏమీ అనలేదు. డబ్బా కడుక్కుని వెళ్లి పడుకున్నాడు. ఏడాది నాటి ఒప్పందం అక్కడ తెగిపోయింది.

నేలలోంచి లేచిన శిలువ

ఆదివారం మధ్యాహ్నం రైలు. స్టేషన్‌కి దగ్గర దారి అని వెన్సెస్లాస్ స్క్వేర్ మీదుగా నడిచాం. పేరుకి స్క్వేరే గానీ అది 750 మీటర్ల పొడవైన వెడల్పాటి రోడ్డు. ఒకప్పుడు గుర్రాల సంత. పై చివర్లో నేషనల్ మ్యూజియం. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు వచ్చినప్పుడు తగిలిన తూటాల గుర్తులు ఆ స్తంభాల మీద ఇప్పటికీ ఉన్నాయి. 1989 నవంబరులో లక్షలాది మంది ఇక్కడే చేరి తాళంచెవుల గుత్తులు ఊపి చప్పుడు చేస్తూ కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దిగిపొమ్మన్నారు.

మేం మాట్లాడుకోవడం లేదు. మ్యూజియం ముందు మావాడు భుజం మార్చుకుందామని బ్యాగు కింద పెట్టబోయాడు. అక్కడున్న ఒక పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు చూశాం. ఫుట్‌పాత్ రాళ్ల మధ్య, నేలలోంచి కొంచెం ఉబ్బి పైకి లేచినట్టు, ఒక కంచు శిలువ. మీద ఎండిన పూలు. నిలబెట్టిన విగ్రహమైతే దూరం నుంచే కనిపించేది. ఇది కాళ్ల కింద ఉంది.

ఫోన్లో చదివాను. యాన్ పలాఖ్. చార్లెస్ యూనివర్సిటీ విద్యార్థి, ఇరవయ్యేళ్లు. దేశాన్ని పరాయి సైన్యం ఆక్రమించుకుంటే జనం మెల్లగా దానికి అలవాటు పడిపోతున్నారన్న బాధతో 1969 జనవరి 16న ఇక్కడే ఆత్మాహుతి చేసుకున్నాడు. మూడు రోజుల తర్వాత చనిపోయాడు. ఆ ఫిబ్రవరిలో యాన్ జాయిత్స్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడూ అదే దారిన వెళ్లాడు. పలాఖ్ సమాధి దగ్గరికి జనం వస్తున్నారని 1973లో పోలీసులు అవశేషాల్ని అక్కణ్నుంచి తీసేయించారు. 1990లో గానీ తిరిగి ఆ చోటుకి చేరలేదు.

చదువుతుంటే నా కళ్ల ముందు ఈ రోడ్డు లేదు. ఎల్బీనగర్ చౌరస్తా ఉంది.

2009 నవంబరు 29. నేను ఎనిమిదో తరగతి. శ్రీకాంతాచారి అనే కుర్రాడు తెలంగాణ కోసం ఎల్బీనగర్‌లో ఒంటికి నిప్పంటించుకున్నాడని సాయంత్రం మా వీధంతా గుప్పుమంది. డిసెంబరు 3న చనిపోయాడు. ఆ నాలుగు రోజులూ మా అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. "ఆ తల్లి ఎట్ల ఉందో" అని అదొక్కటే మాట. చావు ఏ పోరాటానికీ దారి కాకూడదని నేను గట్టిగా అనుకుంటాను. కానీ ఆ మాట అనేసి పక్కకి తప్పుకోలేను కూడా.

ఇదంతా మావాడికి చెప్పాను. గొడవకి కాదు, ఊరికే చెప్పాలనిపించింది.

వాడు బ్యాగు మీద కూర్చుండిపోయాడు. "ఎల్బీనగర్‌లో విగ్రహం... మా విజయవాడ బస్సు ఆగేది అక్కడేరా. మామయ్య వాళ్లింటికి వచ్చినప్పుడల్లా అక్కడే దిగేవాణ్ని. ఎవరో లీడర్‌ది అనుకున్నా."

వాణ్ని ఏమని అనను? నాలుగేళ్లు ఇబ్రహీంపట్నంలోని కాలేజీకి వెళ్లే బస్సు నాకూ ఆ దారిలోనే. ఒక్కరోజు కూడా ఆగి చూడలేదు.

కాసేపటికి వాడు మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న ఆర్టీసీ కండక్టర్. 2013లో సమైక్యాంధ్ర సమ్మెలో రెండు నెలలు బస్సులు తిరగలేదు, జీతం రాలేదు. వాడప్పుడు ఇంటర్. "కాలేజీ ఫీజుకి అమ్మ గాజులు తాకట్టు పెట్టార్రా. నేనెవరికీ చెప్పలేదు."

నేను నవ్వలేక నవ్వాను. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు. నాకది టెన్త్. మా అమ్మ గవర్నమెంటు టీచర్, సమ్మెలో ఉంది. జీతం లేదు. కిరాణా కొట్టు పుస్తకంలో మా పేజీ నిండిపోయింది. వాళ్ల నాన్న కలిసుండాలని, మా అమ్మ విడిపోవాలని. రెండిళ్లలోనూ అప్పు పుస్తకం మాత్రం ఒకటే.

"మా అమ్మమ్మగారిది నెల్లూరు" అన్నాడు వాడు మళ్లీ. "శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. అప్లికేషన్లో రాసినప్పుడల్లా ఎంత పొడుగు పేరో అని విసుక్కునేవాణ్ని. ఆయన 58 రోజులు తిండి మానేసి 1952లో పోయాడని బళ్లో చదివా. బిట్ పేపర్‌కి."

ఇంతసేపట్లో ఆ శిలువ పక్కనుంచి చాలామంది టూరిస్టులు వెళ్లారు. కొందరు దాటుకుని, కొందరు చూడకుండా పక్కనుంచి. ముందురోజైతే మేమూ అలాగే వెళ్లేవాళ్లం. గడియారం బొమ్మలాటకి గంట ముందు నుంచి చోటు పట్టుకుని నిలబడ్డవాళ్లం కదా.

రైలు దాదాపు తప్పిపోయేది. పరిగెత్తి ఎక్కాం. బోర్డర్లో పోలీసు ఎక్కి మా ఇద్దరి పాస్‌పోర్టులూ తీసుకున్నాడు. రెండూ హైదరాబాద్‌లో ఇచ్చినవే. తిప్పి చూసి, "ఇద్దరిదీ ఒకే ఊరా?" అన్నాడు. మావాడు నాకంటే ముందే "యా" అనేశాడు.

చదువులయ్యాక నేను తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. వాడు జర్మనీలోనే ఉన్నాడు. పోయినేడాది సెలవుకి ఇంటికొచ్చి, నన్ను కలవడానికి విజయవాడ నుంచి బస్సెక్కాడు. తెల్లవారుజామున ఐదున్నరకి ఫోను.

"దిగానురా. శ్రీకాంతాచారి దగ్గరున్నా. తొందరేం లేదు, మెల్లగా రా."

నేను వెళ్లేసరికి పక్కన బండి దగ్గర రెండు చాయ్‌లు చెప్పి, విగ్రహం కింద రాసింది చదువుతూ నిలబడి ఉన్నాడు.