యాభై దాటినా ఆగని ఆట

మనం ముప్కాల్‌లో చిర్రగోనె ఆడినవాళ్లమే గానీ గోల్ఫ్ కర్ర పట్టినవాళ్లం కాదు. తక్కువ దెబ్బల్లో బంతిని అన్ని గుంతల్లో వేసినవారే అందులో విజేత. అమెరికాలో యాభై ఏండ్లు నిండిన ప్రొఫెషనల్ ఆటగాళ్లకు వేరే సీనియర్ టూర్ ఉంది. అక్కడ మన మనిషిలా అనిపించేది విజయ్ సింగ్.

ఆయన 1963లో ఫిజీ దేశపు లౌటోకాలో పుట్టారు. అది కూడా మన బోధన్ లాగా చక్కెర మిల్లు ఊరే. (మన మిల్లు 2015లో మూతపడింది, ఆ బాధ వేరు.) చెరకు పనికి ఓడల్లో ఫిజీకి వెళ్లిన భారతీయ కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. విజయ్ సింగ్‌దీ భారత సంతతే. ఆటలో ఓనమాలు దిద్దించింది తండ్రే.

1985లో స్కోరుకార్డు మార్చారన్న ఆరోపణతో ఆసియా టూర్ ఆయన్ను సస్పెండ్ చేసింది. ఆ ఆరోపణను ఆయన ఒప్పుకోలేదు. అయినా పోటీలు లేవు, డబ్బు లేదు. బోర్నియోలో ఒక క్లబ్బులో ఇతరులకు ఆట నేర్పుతూ బతికారు. ఖాళీ దొరికితే చాలు, సాధన. ఆ అలవాటు తర్వాత కూడా పోలేదు.

1998, 2004లలో పీజీఏ చాంపియన్‌షిప్, 2000లో మాస్టర్స్ గెలిచారు. 2004లో ఒక్క ఏడాదే 9 టైటిళ్లు! టైగర్ వుడ్స్‌ను దాటి ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. పీజీఏ టూర్‌లో ఆయన గెలిచిన 34 టైటిళ్లలో 22 నలభై దాటాక వచ్చినవే.

2013లో యాభై నిండినా వెంటనే సీనియర్లలోకి పూర్తిగా మారలేదు, కుర్రాళ్లతోనే ఎక్కువగా ఆడారు. 2018లో, 55 ఏండ్ల వయసులో, సీనియర్ ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌లో జెఫ్ మాగర్ట్‌తో స్కోరు సమమైతే, ప్లేఆఫ్ ఆడి గెలిచారు.