వార్తల్లో పదం: డబ్లిన్ కోర్

పుస్తకం పేరు, రచయిత, తేదీ, భాష వంటి వివరాలే మెటాడేటా. ఒక డిజిటల్ లైబ్రరీ ‘రచయిత’ అని, మరొకటి ‘కర్త’ అని రాసుకుంటే కంప్యూటర్‌కు రెండూ వేరు. ఈ చిక్కు తీర్చేందుకు 1995లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో నిపుణులు సమావేశమయ్యారు. అలా పుట్టిందే డబ్లిన్ కోర్.

శీర్షిక, కర్త, విషయం, హక్కులు వంటి 15 అంశాల ఉమ్మడి పట్టిక ఇది. 2003లో ఐఎస్ఓ 15836 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. ఎవరైనా వాడుకోవచ్చు, వేరే ప్రమాణాల్లోని అంశాలను కలుపుకొని తమకు తగ్గట్టు మలచుకోవచ్చు. ఆ కూర్పునే అప్లికేషన్ ప్రొఫైల్ అంటారు.

అయితే ఈ అంశాల గడులు కలిస్తే చాలదు. ‘కన్యాశుల్కం’ కర్త గడిలో ఒకరు ‘గురజాడ అప్పారావు’, ఇంకొకరు ‘అప్పారావు, గురజాడ’ అని నింపితే వెతికేవారికి సగమే దొరకవచ్చు. పేర్లు రాసే పద్ధతీ ఒక్కటైతేనే మన పుస్తకాలు అందరికీ అందుతాయి.