పసిడి పోయింది.. దిబ్బ మిగిలింది!

కోవిల్‌పట్టి: విరుదునగర్, కోవిల్‌పట్టిలో ఆగే బెంగళూరు రైలెక్కితే మరునాడు కోలారు బంగారు గనులు చూడొచ్చు. బంగారుపేట నుంచి మారికుప్పానికి రైలుంది. 1880ల్లో జాన్ టేలర్ కంపెనీ పెద్దఎత్తున తవ్వించింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటొచ్చింది. చిత్తూరు వైపు మనోళ్లు, ఆర్కాటు తమిళులు కలిసి గనుల్లోకి దిగారు. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే! 2001 ఫిబ్రవరి 28న పని ఆగిపోయింది.

అమెరికాలో 1848లో బంగారం దొరికిన కొలోమాను పార్కు చేశారు. వచ్చినోళ్లకు ఇసుక కడిగి పసిడి ఏరడం నేర్పిస్తారు. మరి మన కోలారులో? కొండల్లాంటి సయనైడ్ మట్టి దిబ్బలే పలకరిస్తాయి. ఈదురుగాలి వీస్తే ఆ దుమ్మంతా కార్మికుల కాలనీల్లోకే.